ఆటిజం - ఇంటిలోనే తొలి బడి

రెండున్నర ఏళ్ళ పిల్లవాడు. పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచినా తల తిప్పడు. కాని పక్కింట్లో మిక్సీ వేస్తే మాత్రం రెండు చెవులూ మూసుకొని ఏడుస్తాడు. పొలంలో బోరు మోటారు వేస్తే చాలు, తొట్టిలో పడే నీళ్ళను గంటసేపు కదలకుండా చూస్తాడు. కావలసిన వస్తువును వేలితో చూపించడు, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకొని దాని దగ్గరకు లాక్కుపోతాడు. వీడికి చెవుడా? మొండితనమా? లేక పెద్దలన్నట్లు దిష్టి తగిలిందా?

ఈ ప్రశ్నలు మూడేళ్ళ క్రితం మా ఇంట్లో పుట్టినవే. ఆ పిల్లవాడు మా అక్క కొడుకు. అప్పుడు మా అమ్మ అక్కకు ధైర్యం చెప్పింది: "మగపిల్లలకు మాటలు ఆలస్యమేనే. వీడి మేనమామకు నాలుగో ఏడు వచ్చిందాకా నోరు పెగల్లేదు. ఇప్పుడు చూడు, నోరు మూయించలేకపోతున్నాం." ఆ మేనమామను నేనే. నా ఆలస్యాన్ని సాక్ష్యంగా చూపించుకొని మేము ఒక సంవత్సరం ఊరకే గడిపేశాము. వ్యవసాయదారుల ఇంట్లో పుట్టినవాడికి అదను పోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. ఆ పోయిన సంవత్సరమే నన్ను ఈ విషయం గురించి చదివించింది. చదివినదాంట్లో నలుగురికీ పనికివచ్చేది ఇక్కడ రాస్తున్నాను.

ఆటిజం అంటే ఏమిటి?

ఆటిజం అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, పెంపకంలో లోపం అంతకంటే కాదు. పుట్టుకకు ముందునుంచే మెదడు ఎదిగే తీరులో వుండే తేడా. ఈ తేడా ముఖ్యంగా రెండు విధాలుగా బయటపడుతుంది. మొదటిది, ఇతరులతో మనసు కలపడంలోనూ, చూపుతో, సైగతో, మాటతో సంభాషించడంలోనూ ఇబ్బంది. రెండవది, చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం, అలవాటైన పద్ధతి మారితే తట్టుకోలేకపోవడం, కొన్ని చప్పుళ్ళు, వెలుగులు, స్పర్శలు మితిమీరి తోచడం లేదా అసలు తోచకపోవడం.

ఇది అందరిలో ఒకే తీరున వుండదు. మన ఫిజిక్స్ లాబరేటరీలో ప్రిజం గుండా వచ్చిన వెలుతురు ఎట్లా రంగురంగులుగా విచ్చుకుంటుందో, ఆటిజం కూడా అట్లాగే ఒక వర్ణపటం. ఒకరు జీవితమంతా ఒక్క మాట కూడా పలకకపోవచ్చు. మరొకరు డిగ్రీలు చదివి ఉద్యోగాలు చేస్తూ, స్నేహితుల హాస్యం మాత్రం అర్థంగాక తికమకపడవచ్చు. మగపిల్లల్లో ఎక్కువగా గుర్తిస్తున్నారు. ఆడపిల్లల్లో లక్షణాలు పైకి తేలక, గుర్తించడం ఆలస్యమవుతున్నదని కూడా శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. 2021 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం వుంది. ఈ లెక్కన మన కాలేజీవంటి కాలేజీలో కూడా కొందరు వుండకపోరు.

తల్లిదండ్రులు గమనించవలసిన గుర్తులు ఇవి. సంవత్సరం నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం. ఏడాదిన్నర వచ్చినా "అదిగో" అని వేలు చూపించి, తిరిగి మన ముఖంకేసి చూడకపోవడం. పదహారు నెలలకు ఒక్క మాటయినా లేకపోవడం. రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోవడం. అంతవరకు వచ్చిన మాట గాని, ఆట గాని ఏ వయస్సులోనైనా వెనక్కి పోవడం. వీటిలో ఒక్కటి కనబడగానే ఆటిజమని నిర్ధారణ చేయరాదు. కాని ఒక్కటి కనబడినా ఊరకే కూర్చోరాదు. మొట్టమొదట చెవి పరీక్ష చేయించాలి. వినికిడి బాగానే వుంటే పిల్లల వైద్యునికి చూపించాలి.

నింద ఎవరి మీద పడింది?

1943లో అమెరికాలో, బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మనోవైద్యుడు లియో కానర్ పదకొండు మంది పిల్లలను పరిశీలించి, ఈ స్థితిని మొదటిసారిగా విడిగా వర్ణించి పేరు పెట్టాడు. మరుసటి సంవత్సరం వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ కూడా ఇటువంటి పిల్లల గురించే రాశాడు. 1925లోనే రష్యాలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు దాదాపు ఇవే లక్షణాలను వర్ణించినా, ఆమె పేరు చాలా కాలం మరుగున పడిపోయింది.

పేరైతే పెట్టారు గాని కారణం ఎవరికీ తెలియలేదు. కారణం తెలియని చోట నింద వచ్చి కూర్చుంటుంది. తల్లి మనసులో ఆప్యాయత లేక, మంచుగడ్డలాగా వుండడం వల్లనే బిడ్డ తనలోకి తాను ముడుచుకుపోతున్నాడని ఆనాటి మనోవైద్యులు అనేకులు నమ్మారు. ఆ తల్లులకు "రిఫ్రిజిరేటర్ తల్లులు" అని పేరు కూడా పెట్టారు. చికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రచురించిన పుస్తకంతో ఈ వాదం ఇంటింటికీ పాకింది. బిడ్డను ఇంటినుంచి వేరుచేసి పెంచితేనే బాగుపడతాడన్నంత దూరం పోయింది.

మా అక్క అత్తగారు ఆ పుస్తకం చదివి వుండదు. అయినా ఆమె అన్నదీ అదే: "పిల్లాణ్ణి గట్టుమీద పడేసి మిరపకాయ కోతకు పోతే మాటలెట్టా వస్తాయి?" చికాగో పండితుడూ, పల్లెటూరి అత్తగారూ తల్లి నెత్తిన ఒకే మూట పెట్టారు. ఆ మాట విన్న రోజున అక్క అన్నం తినలేదు.

ఈ నిందను ఖండించడానికి నడుం కట్టింది కూడా తల్లిదండ్రులే కావడం గమనించదగిన సంగతి. అమెరికాలో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొడుకుకు ఆటిజం. ఆయన 1964లో ఒక గ్రంథం రాసి, ఇది శారీరకమైన కారణాలవల్ల వచ్చేదేగాని తల్లి ప్రేమ తక్కువై వచ్చేది కాదని వాదించాడు. ఇంగ్లండులో మనోవైద్యురాలు లోర్నా వింగ్ కూడా ఒక ఆటిజం బిడ్డకు తల్లి. 1962లో అక్కడ తల్లిదండ్రులు స్థాపించిన సంఘంలో ఆమె ఒకరు. చివరకు 1969లో అమెరికాలో జరిగిన తల్లిదండ్రుల సభలో కానర్ స్వయంగా నిలబడి, తల్లిదండ్రుల తప్పేమీ లేదని ప్రకటించాడు.

ఆ తర్వాత 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ కలిసి 21 జతల కవలలను పరిశీలించారు. ఏకరూప కవలలు 11 జతలలో 4 జతల్లో ఇద్దరికీ ఆటిజం కనబడింది. భిన్నరూప కవలలు 10 జతలలో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. ఇద్దరినీ పెంచిన తల్లి ఒక్కతే గదా! జన్యుశాస్త్రం పేపరు చదివినవారికి దీని అర్థం వెంటనే తెలుస్తుంది. లెక్క చిన్నదే అయినా దారి మళ్ళించింది. తర్వాత వచ్చిన పెద్ద పరిశోధనలు దీనినే బలపరిచాయి. ఆటిజంతో సంబంధం వున్న జన్యువులు నేడు వందకు పైగా గుర్తించబడ్డాయి.

ముద్దాయి గురువైన వైనం

తల్లి కారణం కాదని తేలింది. మరి ఆమె చేయగలిగింది ఏమైనా వుందా? ఈ ప్రశ్నకు మొదట చేతలతో జవాబు చెప్పినవారిలో ఎరిక్ షాప్లర్ ముఖ్యుడు. ఈయన బెటెల్‌హైమ్ దగ్గరే చదువుకున్నవాడు. ఆ వాదం తప్పని తెలుసుకొని, 1966 నుంచి నార్త్ కరోలినాలో దానికి పూర్తిగా వ్యతిరేకమైన పని మొదలుపెట్టాడు. బిడ్డను తల్లిదండ్రులనుంచి వేరు చేయడానికి బదులు, వారినే వైద్యుడి పక్కన తోటి గురువులుగా కూర్చోబెట్టాడు. బిడ్డ ఏ వేళ ఏమి తింటాడు, దేనికి భయపడతాడు, దేనికి నవ్వుతాడు అనేది వారికన్న బాగా తెలిసినవారు ఎవరున్నారు? 1972లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే ఈ పద్ధతిని తన కార్యక్రమంగా స్వీకరించింది. అదే "టీచ్" అనే పేరుతో ప్రసిద్ధమైంది. చేయవలసిన పనులను వరసగా బొమ్మలలో చూపించడం ఈ పద్ధతిలో ఒక ముఖ్య భాగం.

మన దేశంలో కూడా ఇటువంటి పనికి నాంది పలికింది ఒక తల్లే. మేరీ బరువా 1991లో ఢిల్లీలో "యాక్షన్ ఫర్ ఆటిజం" సంస్థను ప్రారంభించారు. తల్లిదండ్రులూ బిడ్డా కలిసి వచ్చి నేర్చుకొనిపోయే శిక్షణ అక్కడి విశిష్టత.

ఇందులోని శాస్త్రం

మామూలుగా ఎదిగే పిల్లవాడు సంవత్సరం వయస్సు వచ్చేసరికి ఒక పని చేస్తాడు. కాకిని చూపిస్తాడు, వెంటనే అమ్మ ముఖం చూస్తాడు. "నేను చూసింది నువ్వూ చూశావా?" అన్నట్లు వుంటుంది ఆ చూపు. అప్పుడు అమ్మ "కాకి!" అంటుంది. ఇద్దరి మనసులూ ఒకే వస్తువు మీద వున్న ఆ క్షణంలోనే మాట వస్తువుకు అతుక్కుంటుంది. భాషంతా ఇట్లాంటి వేలాది క్షణాల కూడికే.

ఆటిజం వున్న పిల్లవాడిలో ఈ చూపు కలవడం తక్కువ. వాడి మనసు పారే నీళ్ళ మీద వుంటుంది. మనం బంతి పట్టుకొని "ఇటు చూడు! బంతి! బంతి అను!" అంటాము. వాడి చెవిలో "బంతి" పడుతుంది, మనసులో నీళ్ళు వుంటాయి. రెండూ అతకవు. మనం గొంతు పెంచుతాము. వాడు ఇంకా దూరం జరుగుతాడు. కొన్నాళ్ళకు మనమే విసుగుపుట్టి పిలవడం మానేస్తాము. ఇందులో తప్పు వాడిదీ కాదు, మనదీ కాదు. వాడు ఇచ్చే సంకేతాలు సన్నగా వుండి మనకు అందడం లేదు, అంతే.

కాబట్టి చేయవలసిందేమంటే, వాడి మనసు వాలిన చోటికి మనం పోవాలి. నీరు పల్లమెరుగు అన్నారు. కాలువ తవ్వేవాడు పల్లం చూసి తవ్వుతాడు గాని నీటిని తిట్టడు. పిల్లవాడు నీళ్ళు చూస్తుంటే మనమూ పక్కన కూర్చొని నీళ్ళు చూడాలి. వాడు ఒక్కసారి మనకేసి తిరిగినప్పుడు "నీళ్ళు!" అనాలి. చదవడానికి ఇది చాలా తేలిక. చేసేటప్పుడు ఎంత కష్టమో మా అక్కను చూసి తెలుసుకున్నాను. ఎందుకంటే బిడ్డ వెనకబడ్డాడని భయం పట్టుకున్న తల్లికి ఎక్కువ చెప్పాలని, తొందరగా నేర్పాలని ఆత్రం వుంటుంది. ఇక్కడ ఆమె చేయవలసింది తక్కువ మాట్లాడడం, ఎక్కువ ఆగడం.

ఇంగ్లండునుంచి గోవాకు

ఈ ఆలోచనను జొనాథన్ గ్రీన్ బృందం ఇంగ్లండులో శాస్త్రీయంగా పరీక్షించింది. దీనిని "పాక్ట్" అంటారు. మాంచెస్టర్, లండన్, న్యూకాజిల్ నగరాలలో అయిదేళ్ళలోపు పిల్లలు 152 మందిని తీసుకొని, చీటీలు తీసిన పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మామూలుగా అందే సేవలు. రెండవ జట్టుకు వాటితోపాటు ఈ పద్ధతి. తల్లి గాని తండ్రి గాని బిడ్డతో ఆడుతుంటే కొద్ది నిమిషాలు వీడియో తీస్తారు. తర్వాత థెరపిస్టు, తల్లి పక్కపక్కన కూర్చొని ఆ వీడియో చూస్తారు. "ఇదిగో, ఇక్కడ మీరు ఆగారు, బాబు మీ కేసి చూశాడు చూడండి" అని మంచి ఘడియలను చూపించి, వాటినే పెంచుకోమంటారు. ఇట్లా మొదటి ఆరు నెలలు పదిహేను రోజులకొకసారి, తర్వాత ఆరు నెలలు నెలకొకసారి. మిగతా రోజులలో ఇంటివద్ద రోజుకు అరగంట సాధన.

2010లో వచ్చిన తొలి ఫలితాలు మిశ్రమంగా వున్నాయి. తల్లిదండ్రులు బిడ్డకు అనుగుణంగా స్పందించడం బాగా పెరిగింది. బిడ్డ తనంతట తాను పలకరించడమూ పెరిగింది. కాని ఆటిజం లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అయితే ఆరేళ్ళ అనంతరం 121 మంది పిల్లలను మళ్ళీ పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితాలలో, పాక్ట్ జట్టు పిల్లలలో లక్షణాల తీవ్రత కొంత తక్కువగా వున్నట్లు తేలింది. భాషా పరీక్షలలో మాత్రం రెండు జట్లకూ స్పష్టమైన తేడా లేదు. ఇది అద్భుతం కాదు. కాని ఇంట్లో ఒక సంవత్సరం చేసిన సాధన ఫలం ఆరేళ్ళ తర్వాత కూడా నిలిచి వుండడం సామాన్యమైన విషయమూ కాదు.

మనకు దగ్గరైన కథ ఇప్పుడు వస్తుంది. ఇంగ్లండులో థెరపిస్టులు వున్నారు, మన పల్లెల్లో ఎక్కడ? ఈ ప్రశ్నకు సమాధానంగా పాక్ట్ పద్ధతిని మన ఉపఖండానికి తగినట్లు మార్చి "పాస్" అనే పేరుతో గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ పరీక్షించారు. గోవాలో ఈ పని చేసింది "సంగత్" అనే స్వచ్ఛంద సంస్థ. రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు 65 మంది. ఇంటికి పోయి నేర్పింది పెద్ద డిగ్రీల నిపుణులు కారు. తర్ఫీదు పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు. పదిహేను రోజులకొకసారి చొప్పున మొత్తం 12 సార్లు. 2016లో ఫలితాలు వచ్చాయి. ఇక్కడ కూడా తల్లిదండ్రుల స్పందన బాగా మెరుగుపడింది. పిల్లలు తమంతట తాము సంభాషణ మొదలుపెట్టడం పెరిగింది. అయితే ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద దృష్టి నిలిపే కాలం మాత్రం పెరగకపోగా తగ్గింది. శాస్త్రజ్ఞులు ఈ సంగతిని దాచకుండా ప్రకటించారు.

అంటే, పెద్ద ఆసుపత్రి లేని చోట కూడా, తర్ఫీదు పొందిన ఒక కార్యకర్త, ఒక వీడియో, ఓపిక వున్న ఒక కుటుంబం వుంటే కొంత సాధించవచ్చునని రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఎదుగుదల ఆలస్యమైన రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక శిక్షణను తయారుచేసింది. 9 సామూహిక తరగతులు, 3 సార్లు ఇంటికి వచ్చి చూడడం దాని పద్ధతి.

ఇంట్లో చేయదగినవి

మా జిల్లా కేంద్రంలో ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు మా అక్కకు చూపించినవీ, నేను చదివినవీ కలిపి ఇక్కడ వరసగా ఇస్తున్నాను.

1. నేలమీద కూర్చోండి. పిల్లవాడి కళ్ళకు మీ ముఖం సమానంగా వుండాలి. పై నుంచి వచ్చే మాట వాడికి సగమే అందుతుంది.

2. ముందు చూడండి. రెండు నిమిషాలు ఏమీ అనకుండా వాడు దేనితో ఆడుతున్నాడో గమనించండి. మూతలు తిప్పుతుంటే మీరూ ఇంకొక మూత తీసుకొని తిప్పండి. అనుకరిస్తే వాడు మీకేసి చూసే అవకాశం పెరుగుతుంది.

3. ఆగండి. ఏదైనా అన్న తర్వాత మనసులో పది లెక్కపెట్టండి. వాడికి సమాధానం తయారు చేసుకోవడానికి మనకన్న ఎక్కువ వ్యవధి కావాలి. మనం ఆగలేక రెండోసారి అడిగితే వాడు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

4. ప్రశ్నలు తగ్గించండి. "ఇదేమిటి? ఇదే రంగు? ఆవు ఎట్లా అరుస్తుంది?" అనేది ఆట కాదు, పరీక్ష. దానికి బదులు జరుగుతున్నది చెప్పండి. మాట లేని పిల్లవాడికి ఒక్క మాట: "నీళ్ళు". ఒక్క మాట వచ్చినవాడికి రెండు: "చల్లటి నీళ్ళు".

5. అడగవలసిన అవసరం కల్పించండి. మరమరాలు మూత బిగించిన సీసాలో పెట్టి వాడికి కనబడేట్లు వుంచండి. గిన్నె నిండా పోయకుండా గుప్పెడే పెట్టండి. చూపుతో అడిగినా, చెయ్యి చాపినా అది అడగడమే, వెంటనే ఇవ్వండి. ఏడిపించి మాట రాబట్టకండి.

6. మనుషులతో ఆడే ఆటలు ఆడండి. మన తారంగం, చెమ్మచెక్క, దోబూచి, ఉయ్యాల ఇందుకే పుట్టాయా అనిపిస్తుంది. రెండుసార్లు ఊపి మూడోసారి ఆపండి. "ఇంకా" అన్నట్లు వాడు కదిలితే ఊపండి.

7. రోజును బొమ్మలలో చూపించండి. స్నానం, అన్నం, బడి, నిద్ర - ఫోటోలు వరసగా గోడకు అంటించి, తర్వాత ఏమి రాబోతుందో ముందే చూపిస్తే చాలా గొడవలు తగ్గుతాయి. బొమ్మలు వాడితే మాటలు రావేమోనని భయపడనక్కర లేదు. అవి మాటకు అడ్డు రావని పరిశోధనలు చెబుతున్నాయి.

8. ఏడుపుకు కారణం వెతకండి. పెళ్ళిలో బ్యాండు, కొత్త చొక్కా గుచ్చుకోవడం, దారి మార్చి పోవడం - ఏదో ఒకటి వుంటుంది. మొండితనమని కొట్టడం వల్ల భయమే మిగులుతుంది.

9. మాతృభాషలోనే మాట్లాడండి. ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని సలహా ఇచ్చేవారు వున్నారు. ఇంట్లో రెండు భాషలు వున్నందువల్ల ఆటిజం పిల్లలకు నష్టం లేదని పరిశోధనలలో తేలింది. తల్లి తనకు రాని భాషలో బిడ్డను ఎట్లా ముద్దు చేస్తుంది?

ఇవన్నీ ఒకేరోజున చేయాలని కాదు. పది నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడు సార్లు చాలు. మిగతాది స్నానం చేయించేటప్పుడూ, అన్నం పెట్టేటప్పుడూ కలిసిపోతుంది.

మోసపోకుండా

బిడ్డ కోసం తల్లిదండ్రులు పుస్తెలైనా అమ్ముతారని తెలిసినవారు కొందరు వ్యాపారం చేస్తున్నారు. టీకాలవల్ల ఆటిజం వస్తుందని 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం కేవలం 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసం పుట్టించిన భయం ఇంకా పోలేదు. ఆ వ్యాసాన్ని ప్రచురించిన "లాన్సెట్" పత్రికే 2010లో దానిని ఉపసంహరించుకుంది. లక్షలాది పిల్లల మీద జరిగిన అధ్యయనాలలో టీకాలకూ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. అట్లాగే మూలకణాల చికిత్స పేరుతో లక్షలు గుంజేవారు వున్నారు. ఆటిజానికి ఈ చికిత్స సిఫారసు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. "ఆరు నెలల్లో పూర్తిగా నయం" అని ఎవరైనా బోర్డు కడితే ఆ మెట్టు ఎక్కకపోవడమే మంచిది.

సాయం దొరికే చోట్లు వేరే వున్నాయి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. అనుమానం వున్నవారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతాయి. సికింద్రాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని పిలుస్తున్నారు, మన తెలుగువారికి అందుబాటులో వుంది. ఆటిజాన్ని కొలవడానికి దేశమంతటా వాడుతున్న 40 అంశాల భారతీయ కొలమానం తయారైంది అక్కడే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద "నిరామయ" అనే ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల వరకు సదుపాయం వుంది. ఇవి వున్నట్లు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియని హక్కు లేని హక్కుతో సమానం.

తల్లి ఒక్కతేనా?

ఇంతవరకు చదివినవారికి ఒక అనుమానం రావచ్చు. ఒకప్పుడు తల్లిని కారణమన్నారు, ఇప్పుడు మందు అంటున్నారు. అంటే బిడ్డ బాగుపడకపోతే మళ్ళీ ఆమెదే తప్పు అవుతుందా? ఈ అనుమానం న్యాయమైనదే. నాట్ల రోజులలో తెల్లవారుజామున లేచి, వంటచేసి, మడిలో నడుము వంచి, సాయంత్రం వచ్చిన మనిషిని "అరగంట బిడ్డతో ఆడావా?" అని నిలదీయడం శాస్త్రం కాదు, క్రూరత్వం.

తల్లిదండ్రుల ద్వారా చేసే పని స్పీచ్ థెరపిస్టుకూ, ప్రత్యేక ఉపాధ్యాయులకూ బదులు కాదు, వారితో కలిసి చేసేది. ప్రభుత్వం జిల్లాలో నిపుణులను వేయకుండా "మీరే చూసుకోండి" అనడానికి ఇది సాకు కారాదు. ఇంట్లో కూడా "తల్లి" అన్న చోటల్లా "ఇంటిల్లిపాది" అని చదువుకోవాలి. మా బావ మొదట్లో ఈ సంగతులు ఆడవాళ్ళవని తప్పుకున్నాడు. ఒకరోజు అక్కకు జ్వరం వస్తే పిల్లవాణ్ణి మోటారు దగ్గరకు తీసుకుపోయి, ఆ ఉపాధ్యాయురాలు చెప్పినట్లు తొట్టి పక్కన చతికిలబడి వూరుకున్నాడట. ఇప్పుడు సాయంత్రం పూట అది ఆయన వంతు. మా అమ్మ తారంగం ఆడిస్తుంది. నేను సెలవులకు పోయినప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తాను. అందరం కూర్చొని చూస్తాము. అందులో మొట్టమొదట తెలుసుకున్నది నా తప్పే. నేను వాడికి జవాబు చెప్పే వ్యవధి ఇవ్వకుండా వాగుతూనే వున్నాను!

ముగింపు

మొక్కై వంగనిది మానై వంగునా అని మన సామెత. చిన్ననాడే మొదలుపెట్టాలన్నంత వరకు అది నిజం. కాని వంచడం మన పని కాదు. టమేటా మొక్కకు కర్ర పాతి కట్టినప్పుడు దాన్ని ఇంకొక మొక్కగా మార్చాలని ఎవరూ అనుకోరు. కాయ బరువుకు నేలకు ఒరగకుండా నిలబడాలనే కడతాము. 1993లో టొరంటో నగరంలో జరిగిన సభలో, స్వయంగా ఆటిజం వున్న జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రులకు చెప్పినదాని సారాంశమూ ఇటువంటిదే. మీరు కలగన్న బిడ్డ కోసం దుఃఖిస్తూ కూర్చోకండి, మీ ముందు నిలబడిన బిడ్డను చూడండి అని.

మా మేనల్లుడికి ఇప్పుడు అయిదున్నర ఏళ్ళు. వాడు ఇంకా వాక్యాలు మాట్లాడడు. మిక్సీ వేస్తే ఇప్పటికీ చెవులు మూసుకుంటాడు. కాని పోయిన సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు, తొట్టి దగ్గర నా చొక్కా పట్టుకొని లాగి, వేలితో చూపించి, నా ముఖంలోకి చూసి "నీళ్ళు" అన్నాడు. వాడికి నీళ్ళు కావాలని కాదు. నేను కూడా చూడాలని.

విద్యార్థి మిత్రులారా! మనలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు, కొందరు వైద్యరంగంలోకి పోతారు, అందరమూ ఏదో ఒకనాడు తల్లిదండ్రులమో, మేనమామలమో, పిన్నులమో, అత్తలమో అవుతాము. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు, పిలిస్తే పలకని పిల్లవాడు ఎవరింట్లోనైనా కనబడితే "వాడే మాట్లాడతాడులే" అనకండి. చెవి పరీక్ష చేయించమని, జిల్లా కేంద్రానికి తీసుకుపొమ్మని చెప్పండి. వీలుంటే వెంట వెళ్ళండి. ఆ తల్లితో, ఇది నీ తప్పు కాదమ్మా అని మాత్రం మొదట చెప్పండి. మా ఇంట్లో ఆ మాట చెప్పడానికి ఒక సంవత్సరం పట్టింది.